ఇటాలియన్ ఎవరి భాష?

తెలుగు గొప్పతనం గురించి ఎక్కడ సభ జరిగినా ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్న మాట వినపడకుండా ఆ సభ ముగియదు. పదిహేనో శతాబ్దంలో విజయనగరం చూసిపోయిన వెనిస్ వర్తకుడు నికొలో దె కాంతీ ఆ మాట అన్నాడని చెప్పుకుంటాం. ఆయన అన్నాడా, తర్వాతివాళ్లు ఆయన పేర కట్టారా అన్న చర్చ ఇక్కడ నాకు అవసరం లేదు. ఎవరన్నా ఆ పొగడ్తలో ఉన్న సరుకు ఒక్కటే: రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయి. చెవికి ఇంపుగా ఉంటాయి. భాషను చెవితో మాత్రమే తూచేవాడికి ఇంతకుమించి అక్కర్లేదు. ఆ ఇంపైన భాషలో ఎవరు మాట్లాడారు, ఎవరి నోరు మూయించారు అన్న ప్రశ్న అతనికి పుట్టదు.

అభ్యుదయ రచయితలమైన మనకూ ఒక అలవాటుంది. మనం కాంతీ పేరు ఎత్తం, డాంటే పేరు ఎత్తుతాం. లాటిన్‌ను కాదని డాంటే ప్రజల భాషలో కావ్యం రాశాడు, దాంతో ప్రజల భాష గెలిచింది, మన గిడుగు చేసిందీ అదే అని ఒక పేరాలో తేల్చేస్తాం. విద్యార్థులు దాన్ని పరీక్షల్లో అలాగే రాస్తారు. ఈ కథలో సగమే నిజం. మిగతా సగం వదిలేసినందువల్ల మనకు జరిగే నష్టం చిన్నది కాదు.

మనవాళ్లకు సులువుగా అందే చోటు నుంచి మొదలుపెడతాను. బాలవ్యాకరణం చదివినవాళ్లకు తత్సమం, తద్భవం అంటే వేరే చెప్పనక్కర్లేదు. సంస్కృత ‘సప్త’ ప్రాకృతంలో ‘సత్త’ అయింది. లాటిన్ ‘సెప్తెమ్’ ఇటాలియన్‌లో ‘సెత్తె’ అయింది. ‘ఓక్తో’ ‘ఒత్తో’ అయింది, ‘నోక్తెమ్’ ‘నొత్తె’ అయింది. మన ‘అగ్ని’ ‘అగ్గి’ అయిన తీరే ఇది: సంయుక్తాక్షరం ద్విత్వమవుతుంది, చివరి హల్లు రాలిపోతుంది. చెవికింపైన ఆ అజంతత్వం ఎవరో కవి కూర్చుని దిద్దింది కాదు. చదువురాని నోళ్లు కొన్ని వందల ఏళ్లపాటు లాటిన్‌ను నమిలి నమిలి మెత్తన చేస్తే వచ్చింది.

ఆ తర్వాత పండితులు అదే లాటిన్ మాటను పుస్తకంలోంచి తీసి, చెక్కు చెదరకుండా మళ్లీ తెచ్చుకున్నారు. దాంతో ఒక్క మాటకు రెండు రూపాలు నిలిచాయి. ఈ జంటల్ని చూస్తే ఇటలీ సమాజం మొత్తం కనపడుతుంది. లాటిన్‌లో ‘ఆరెయా’ అంటే ఖాళీ జాగా, కళ్లం. రైతు నోట అది అరిగి ‘ఆయా’ అయింది. ఇప్పటికీ ‘ఆయా’ అంటే కళ్లమే. పండితుడు తెచ్చుకున్న ‘ఆరెయా’ మాత్రం విస్తీర్ణం. రైతుది నూర్పిడి జరిగే చోటు, రెండోవాడిది కాగితం మీద కొలత. ‘పెన్సారె’ అంటే తూచడం. బజారులో అది ‘పెసారె’గా మారి తూచడంగానే ఉండిపోయింది. చదువుకున్నవాడి దగ్గర ‘పెన్సారె’ ఆలోచించడమైంది. ‘ప్లెబెమ్’ అంటే సామాన్య జనం. జనం నోట అది ‘పియేవె’ అయి ఊరి చర్చికి పేరైంది. పండితుడి కలంలో ‘ప్లెబె’గా తిరిగొచ్చి అలగాజనం అన్న తిట్టుగా స్థిరపడింది. తత్సమ తద్భవాలను మనం కేవలం వర్ణమార్పుల పట్టికలుగా చదువుతున్నాం. వాటిలో ఎవరు ఏ పని చేసేవాళ్లో కూడా రాసి ఉంటుంది.

ఎరువు మాటల సంగతీ అంతే. 568లో ఇటలీ మీదికి వచ్చిన లొంబార్డులు ఆ భాషకు ఎక్కువగా ఇచ్చినవి శరీరావయవాల పేర్లూ, కొట్లాట మాటలూను: చెంప, వెన్ను, ముడ్డికాలు ఎముక, తన్నులాట. అరబ్బులు వ్యాపారం మాటలు ఇచ్చారు. పర్షియన్ ‘దీవాన్’ అరబ్బీ మీదుగా ఇటలీ రేవులు చేరి ‘దొగానా’ అయింది, అంటే సుంకం కట్టించుకునే చోటు. అదే మాట మన దగ్గర ‘దివాణం’ అయింది. చెల్లించేవాడికి రెండింటికీ పెద్ద తేడా ఉండి ఉండదు. మన నారింజా, వాళ్ల ‘అరాంచా’ ఒకే మాట. చక్కెరా, ‘జుక్కెరో’ ఒకే మాట. ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అనిపించుకోవడం కంటే ఈ చుట్టరికం నాకు గౌరవంగా కనిపిస్తుంది, ఎందుకంటే దీన్ని మోసుకొచ్చింది ఓడ కళాసులూ వర్తకులూ.

ఇంకో మాట చెప్పకుండా ముందుకు పోలేను. ‘ఫాషో’ అంటే కట్ట, మోపు. 1891 నుంచి సిసిలీలో రైతులూ కూలీలూ గంధకం గనుల పనివాళ్లూ కట్టుకున్న సంఘాలకు ‘ఫాషి’ అని పేరు. ఒక్క పుల్ల విరుగుతుంది, మోపు విరగదు అని దాని భావం. 1894 జనవరిలో క్రిస్పీ ప్రభుత్వం సైన్యాన్ని దించి ఆ ఉద్యమాన్ని అణిచింది. పాతికేళ్లకు, 1919లో, ముస్సోలినీ ఆ మాటనే తన ముఠాకు పెట్టుకున్నాడు. ఈరోజు ప్రపంచంలో ఏ భాషలోనైనా ఆ మాట వింటే సిసిలీ రైతు గుర్తుకు రాడు. మాటను కూడా దోచుకోవచ్చునని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు తెలియదు.

ఇక రాత సంగతి. ఇటాలియన్‌లో నమోదైన తొలి వాక్యాలుగా చరిత్రకారులు చూపించేవి 960లో కాపువా పట్టణంలో నడిచిన ఒక దావా పత్రంలో ఉన్నాయి. దావా భూమి గురించి. మోంతె కాసినో మఠానికీ ఒక ఆసామికీ తగాదా. పత్రమంతా లాటిన్‌లో రాసి, సాక్షుల వాంగ్మూలం మాత్రం జనభాషలో దింపారు. ఫలానా హద్దుల లోపలి నేలను ముప్పయ్యేళ్లపాటు మఠమే అనుభవించిందని దాని సారాంశం. సాక్షులు ముగ్గురూ మఠాలకూ చర్చికీ చెందినవాళ్లే, ముందుగా రాసిచ్చిన మాటల్నే ఒకరి తర్వాత ఒకరు ఒప్పజెప్పారు. జనభాష మొదటిసారి కాగితమెక్కింది జనం పాటగా కాదు, భూమి హక్కు పత్రంగా. జనభాషలో రాసిందల్లా జనం పక్షం కాదన్న సంగతి ఆ భాష మొదటి పేజీలోనే ఉంది.

డాంటేను నేను తగ్గించడం లేదు. 1302లో ఊరినుంచి వెళ్లగొట్టబడి, పరాయి పంచల్లో తిరుగుతూ, జనభాష గురించి ఆయన ఒక శాస్త్రగ్రంథం మొదలుపెట్టాడు. చిత్రమేమంటే దాన్ని లాటిన్‌లో రాశాడు, ఎందుకంటే ఒప్పించవలసింది పండితుల్ని. నియమాలేమీ లేకుండా దాది నోటినుంచి నేర్చుకునే భాషే ఉత్తమమైనదన్నాడు. వెనువెంటనే ఇటలీ మాండలికాలను పద్నాలుగుగా లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్నీ మోటుగా ఉందని పక్కకు నెట్టాడు, తన ఫ్లోరెన్సు మాటతో సహా. తనకు కావలసిన ఉత్తమ జనభాష వేటలో దొరకని చిరుతలాంటిది, వాసన అన్ని ఊళ్లలోనూ ఉంటుంది, మకాం ఏ ఊళ్లోనూ ఉండదు అన్నాడు. అమ్మ, నాన్న అనే పసిమాటలు ఉన్నత కవిత్వానికి పనికిరావని కూడా సూత్రం చేశాడు.

ఆ గ్రంథం పూర్తి కాలేదు. కావ్యానికి కూర్చున్నప్పుడు ఆయన తన సూత్రాలన్నీ తప్పాడు. ‘కొమ్మెదియా’లో అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, పల్లెమాటలని తోసేసిన మాటలున్నాయి, బజారు తిట్లున్నాయి, లాటిన్ ఉంది, దైవశాస్త్రం ఉంది. సిద్ధాంతకర్త డాంటేను కవి డాంటే ఓడించాడు. మనం పొగడవలసింది ఈ ఓటమిని. కానీ పాఠ్యపుస్తకాల్లో సిద్ధాంతాన్నీ కావ్యాన్నీ కలిపి ఒకే విజయంగా చెబుతున్నాం.

ఆయన పోయిన రెండు వందల ఏళ్లకు అసలు పని జరిగింది. 1525లో పియెత్రో బెంబో అనే వెనిస్ కులీనుడు జనభాషకు ధర్మశాస్త్రం రాశాడు. పద్యానికి పెత్రార్కా, వచనానికి బొకాచియో, ఇద్దరూ పద్నాలుగో శతాబ్దం వాళ్లు. డాంటే మోటు మాటలు వాడాడు కాబట్టి పూర్తిగా ఒరవడికి పనికిరాడు. బతికున్న ఫ్లోరెన్సు మనిషి మాట అసలే పనికిరాదు. అంటే లాటిన్‌ను దించి జనభాషను ఎక్కించి, ఆ జనభాషను ఇంకో లాటిన్‌గా మార్చారు. చచ్చిపోయినవాళ్ల పుస్తకాలు చదివితే తప్ప రాని భాష అది. ఆరియోస్తో అంతటి కవి తన మహాకావ్యాన్ని 1532 ముద్రణకు బెంబో కొలతల ప్రకారం సరిదిద్దుకున్నాడు. వ్యావహారికం గ్రాంథికం కావడానికి రెండు శతాబ్దాలు చాలునన్నమాట. ఈ సంగతి మన భాషోద్యమ చరిత్రకారులు ఎందుకు పట్టించుకోలేదో నాకు బోధపడదు.

బెంబో మార్గానికి కాపలాగా 1583 ప్రాంతంలో ఫ్లోరెన్సులో ‘అకాదెమియా దెల్లా క్రుస్కా’ పుట్టింది. క్రుస్కా అంటే తవుడు. మంచి పిండిని తవుడునుంచి వేరుచేయడం తమ పని అన్నారు, జల్లెడ యంత్రాన్ని ముద్రగా పెట్టుకున్నారు. 1612లో వాళ్ల నిఘంటువు వచ్చింది. మొదటి ముద్రణలో తాసో వంటి కవికే చోటు దక్కలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1584లో, ఉత్తరాన ఫ్రియూలీ ప్రాంతంలో ఒక నిజమైన పిండిమరవాడు మతవిచారణ న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. దొమెనికో స్కాండెల్లా, ఊళ్లో మెనోకియో అనేవాళ్లు. కోర్టుల్లో లాటిన్ మాట్లాడడం పేదలకు ద్రోహమని, తగాదాల్లో పేదవాడికి ఏం చెబుతున్నారో తెలియక నలిగిపోతాడని అతను విచారణాధికారులతోనే అన్నాడు. ఆ కాగితాలను వెలికితీసి కార్లో గింజ్‌బర్గ్ 1976లో పుస్తకం రాయబట్టి మనకీ మాట అందింది. భాషావివాదాల చరిత్రలో బెంబోకు అధ్యాయం ఉంటుంది. మెనోకియోకు ఉండదు. నన్నడిగితే, ఆ శతాబ్దంలో భాష గురించి అన్న మాటల్లో ముందు పెట్టవలసింది పిండిమరవాడి మాటే. పదిహేనేళ్ల తర్వాత అతన్ని చంపేశారు.

1764లో మిలాన్‌లో ‘ఇల్ కఫ్ఫె’ పత్రిక యువకులు నోటరీ ముందు విడాకుల పత్రం రాసినట్టు రాసి క్రుస్కా నిఘంటువును వదిలించుకున్నామని ప్రకటించారు. ఎగతాళి బాగుంది. కానీ ఎగతాళికి అకాడమీలు కూలవు.

1861లో ఇటలీ ఒక రాజ్యమైంది. ఆనాటికి ఇటాలియన్ వచ్చినవాళ్లు ఎందరు? తుల్లియో దె మౌరో 1963లో వేసిన లెక్క ప్రకారం రెండున్నర కోట్ల మందిలో సుమారు 6 లక్షలు, నూటికి 2.5 మంది. అందులోనూ 4 లక్షలు తోస్కానావాళ్లే. ఆ లెక్క మరీ తక్కువని 1982లో కస్తెల్లానీ నూటికి 10 దాకా పెంచాడు. అలాగే అనుకుందాం. డాంటే పోయి 540 ఏళ్లు. నూటికి తొంభైమందికి ఆయన భాష పరాయి భాష. కవి గెలిపించిన ప్రజాభాష ఇదీ.

అలెస్సాంద్రో మాంజోనీ ఈ బాధ పడినవాడు. ఇంట్లో మిలాన్ మాట, స్నేహితులతో ఫ్రెంచి, రాయబోతే ఇటాలియన్ పుస్తకాల్లో వెతుక్కోవాలి. 1827లో తన నవల అచ్చయ్యాక ఫ్లోరెన్సు వెళ్లి, అక్కడ బతికున్నవాళ్ల మాట విని, నవల మొత్తాన్ని తిరగరాసి 1840-42లో మళ్లీ వేశాడు. ఆ నవలలో పట్టు వడికే రెంజో తన పెళ్లికి అడ్డాలు చెబుతూ లాటిన్ వల్లించే పూజారిని విసుక్కుంటాడు. మెనోకియో ఫిర్యాదే అది. రెంజో విసుగును రాయగలిగిన మాంజోనీయే 1868లో మంత్రికి ఇచ్చిన నివేదికలో దేశమంతటా ఫ్లోరెన్సు వాడుకనే నేర్పాలని, అందుకు అక్కడి ఉపాధ్యాయుల్ని పంపాలని సూచించాడు. 1873లో భాషాశాస్త్రవేత్త అస్కోలి గట్టి జవాబిచ్చాడు. ఒక నగరం ఉచ్చారణను దేశం మీద రుద్దితే భాష ఒకటి కాదు. చదువు కొద్దిమంది దగ్గర పోగుపడి ఉండడమూ, ఉన్న కొద్దిమందికీ విషయం కంటే సొగసు మీద మోజు ఎక్కువ కావడమూ ఇటలీ రోగం అన్నాడు. నేను అస్కోలి పక్షం.

భాషను చివరికి కలిపింది నిఘంటువు కాదు. 1876 నుంచి 1915 దాకా సుమారు కోటీ నలభై లక్షల మంది పొట్టచేతబట్టుకుని దేశం వదిలారు. ఇంటికి ఉత్తరం రాయాలంటే అక్షరం కావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో వేర్వేరు మాండలికాల రైతులు ఒకే కందకంలో పడ్డారు. ఆస్ట్రియాకు పట్టుబడిన ఇటలీ సైనికుల ఉత్తరాలను సెన్సారు చేసే పని లియో స్పిట్సర్‌కు పడింది. శైలీశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. ఆకలి అని రాస్తే సెన్సారు కొట్టేస్తుంది. అందుకని ఖైదీలు ఆ మాట వాడకుండానే ఆకలిని ఇంటికి తెలియజేయడానికి లెక్కలేనన్ని డొంకతిరుగుడు దారులు కనిపెట్టారు. స్పిట్సర్ వాటన్నిటినీ పోగుచేసి 1920లో పుస్తకంగా వేశాడు. అలంకారశాస్త్రం పుట్టేది రాజాస్థానాల్లోనే అనుకునేవాళ్లు ఆ సంగతి తెలుసుకోవాలి. ఫాసిస్టుల కాలంలో భాష మీద జరిగిన పహరా గురించి ఎక్కువ చెప్పను: 1938లో ‘లెయి’ అనే మర్యాద సర్వనామాన్ని మాని ‘వోయి’ వాడమన్నారు, 1940లో దుకాణాల బోర్డుల మీద విదేశీ మాటల్ని చట్టంతో నిషేధించారు. ఆకలికి నిషేధం లేదు.

గ్రాంషీ దగ్గర ఆగాలి. ఆయనది సార్డీనియా, ఇంట్లో మాట సార్డ్. తూరిన్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రమే చదివాడు. 1927 మార్చిలో జైలునుంచి చెల్లెలు తెరెసీనాకు రాసిన ఉత్తరంలో, పిల్లవాణ్ణి సార్డ్ మాట్లాడనివ్వమన్నాడు. అన్న కూతుర్ని చిన్నప్పుడు మాట్లాడనివ్వకపోవడం తప్పయిందన్నాడు. సార్డ్ మాండలికం కాదు, సొంత భాష అన్నాడు. దీన్ని పట్టుకుని ఆయన్ను మాండలికవాదిగా చూపించేవాళ్లున్నారు. ఆయన జైలు పుస్తకాల్లో ఇంకో మాట కూడా ఉంది: మాండలికం మాత్రమే వచ్చినవాడి ప్రపంచం ఇరుకుగా ఉంటుంది, జాతీయ భాష రాకపోతే పెద్ద సంస్కృతులు అందవు. రెండూ ఆయనవే. 1935లో వ్యాకరణం గురించి రాసిన పుస్తకంలో, భాషాసమస్య పైకి వచ్చిందంటే పాలకవర్గం రూపుకట్టుకోవడం, జనంతో దాని సంబంధం వంటి వేరే సమస్యలు కదులుతున్నాయని అర్థం చేసుకోవాలన్నాడు. వ్యాకరణం నేర్పకుండా సహజంగా వదిలేయమనే ఉదారవాదుల మీద కూడా ఆయనకు కోపమే. ఉన్నవాడి పిల్లలకు ఇంట్లోనే అబ్బుతుంది, లేనివాడి పిల్లలు బయట మిగిలిపోతారు.

ఈ మాట నిజమని చూపించినవాళ్లు బార్బియానా పిల్లలు. అది ఫ్లోరెన్సు పక్క కొండల్లో పల్లె. లొరెంజో మిలానీ అనే ఫాదిరీని చర్చి పెద్దలు 1954లో అక్కడికి నెట్టారు. పరీక్షలు తప్పిన రైతుపిల్లల్ని చేరదీసి ఆయన బడి పెట్టాడు. ఎనిమిదిమంది పిల్లలు కలిసి రాసిన ‘ఒక పంతులమ్మకు ఉత్తరం’ 1967లో వచ్చింది. బడి ఎవర్ని తప్పిస్తోందో లెక్కలు కట్టి, తండ్రుల వృత్తులతో సహా చూపించారు. దేశమంతా ఏ ప్రాంతం మాటను ఒరవడిగా దిద్దుకోవాలని మాంజోనీ అన్నాడో, ఆ ప్రాంతపు పల్లెపిల్లలే ఇటాలియన్‌లో తప్పారు! అంటే అడ్డం వచ్చింది యాస కాదు. ఇరవై ఏళ్లుగా తెలుగు పేపర్లు దిద్దుతున్నవాణ్ణి కాబట్టి ఆ పుస్తకం చదువుతుంటే చాలాచోట్ల నాకు ఊపిరాడలేదు. ‘వచ్చిండు’ అని రాసిన పిల్లవాడికి సున్నా చుట్టే చేయి, ‘విచ్చేసినారు’ అని రాసినవాడికి మార్కులు వేస్తుంది. ఏది తెలుగో ఆ చేతికి ఎవరు చెప్పారు?

మన సంగతికి వచ్చాం. గ్రాంథికం మీద గిడుగు పోరాటం న్యాయమైనది. ఆయన సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిన మనిషి. ఆ గిడుగును పక్కనపెట్టి, శిష్ట వ్యావహారికం గిడుగును మాత్రం మనం ఉంచుకున్నాం. ‘శిష్ట’ అన్నచోటనే బెంబో కూర్చున్నాడు. కోస్తాలో కొన్ని జిల్లాల చదువుకున్న కులాల మాట తెలుగు అయింది, మిగిలినవి మాండలికాలయ్యాయి. పాఠ్యపుస్తకాల భాష మీద కాళోజీ చేసిన ఫిర్యాదు రాష్ట్ర రాజకీయాలకు సంబంధించిందే అనుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అది సాహిత్య విమర్శ కూడా.

విమర్శకులుగా మనం తేల్చుకోవలసిన పని ఒకటుంది. మన కథల్లో పాత్రలు మాండలికం మాట్లాడతాయి, కథకుడు మాట్లాడడు. కూలీ నోట యాస, దాని చుట్టూ రచయిత శుభ్రమైన వాక్యం. దీన్ని మనం ‘మాండలిక సౌందర్యం’ అని మెచ్చుకుంటున్నాం. ఇటలీలో ఈ చిక్కును విప్పినవాడు సిసిలీ రచయిత జొవాన్నీ వెర్గా. 1881 నాటి ‘ఇ మలవోల్యా’ నవల ఆచి త్రెజ్జా అనే పల్లెలోని జాలరి కుటుంబం కథ. అందులో సిసిలీ మాటలు కుమ్మరించలేదు, పదాలు ఇటాలియనే. కానీ కథ చెప్పేది ఊరు. ఊరి సామెతలు, ఊరి అనుమానాలు, ఊరి కుళ్లు, ఊరి వాక్య నిర్మాణం. పైనుంచి చూసి జాలిపడే రచయిత ఎక్కడా దొరకడు. పుస్తకం అమ్ముడుపోలేదు. వెర్గాయే దాన్ని పూర్తి ‘ఫియాస్కో’ అని స్నేహితుడికి రాసుకున్నాడు.

మనకూ ఆ దారిన నడిచినవాళ్లున్నారు. ‘మా ఊరి ముచ్చట్లు’లో పాకాల యశోదారెడ్డి కథకురాలి గొంతును కూడా పాలమూరు గొంతు చేశారు. ‘పచ్చనాకు సాక్షిగా’లో నామిని చిత్తూరు పిల్లవాడి మాటలోనే మొదటినుంచి చివరిదాకా నడిపించాడు. వీళ్ల గురించి వచ్చిన సమీక్షలు తీసి చూడండి. యాస బాగుందని రాస్తారు, లేదా అర్థం కాలేదు, పుస్తకం చివర పదకోశం వేస్తే బాగుండేదని రాస్తారు. కోస్తా రచయిత పుస్తకం చివర పాలమూరు పాఠకుడి కోసం పదకోశం వేయమని అడిగిన సమీక్షకుణ్ణి నేనింతవరకు చదవలేదు.